హాజరు పట్టీలో లేని గడి

కాలేజీ హాజరు పట్టీ అంత నిక్కచ్చి పుస్తకం మరొకటి వుండదు. మనిషి వచ్చాడా, రాలేదా అన్న రెండే మాటలు దానికి తెలుసు. ఎందుకు రాలేదన్న మాటకు అందులో చోటు లేదు. ఇప్పుడు చాలాచోట్ల కాగితం పట్టీ పోయి, ముఖం చూసి గుర్తుపట్టే యంత్రాలు వచ్చాయి. అవి కూడా ముఖాన్ని చూస్తాయేగాని, ఆ ముఖం రాత్రంతా నిద్ర లేకుండా వున్నదని రాసుకోవు.

సినిమాకు పోయినవాడూ, క్రికెట్టుకు పోయినవాడూ, తండ్రిని ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టి పక్కన స్టూలు మీద కూర్చున్నవాడూ - ముగ్గురూ పట్టీ దృష్టిలో ఒక్కటే. నేను చెప్పబోయేది ఆ మూడోవాణ్ణి గురించి.

పేరు లేని పని

పక్షవాతంతో పడుకున్న నాయనమ్మకు పొద్దున్నే ఒళ్ళు తుడిచి, పక్కబట్ట మార్చి, జావ పట్టి, ఆ తర్వాత జడ వేసుకుని బడికి వచ్చే అమ్మాయి మీ తరగతిలో వుండవచ్చు. మతి స్థిమితం లేని తల్లి ఎప్పుడు తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోతుందోనని రాత్రిళ్ళు గుమ్మానికి అడ్డంగా పడుకునే కుర్రవాడు వుండవచ్చు. మాట వినపడని తల్లిదండ్రులకు బ్యాంకులోనూ రేషన్ దుకాణంలోనూ నోరూ చెవీ తానే అయిన ఏడో తరగతి పిల్ల వుండవచ్చు. తాగి పడిపోయిన తండ్రిని ఇంటికి చేర్చేవాడు, నడవలేని తమ్ముణ్ణి ఎత్తుకు తిప్పే అక్క, వలస పోయిన అమ్మానాన్నల బదులు ముసలివాళ్ళనూ పసివాళ్ళనూ సాకే పిల్లలు - ఇట్లా చెప్పుకుంటూపోతే ఆ వరస పెద్దదే అవుతుంది.

ఇంగ్లీషువాళ్ళు ఈ పిల్లలను 'యంగ్ కేరర్స్' అంటారు. తెలుగులో దీనికి మాట వెతికితే చిత్రమైన చిక్కు ఒకటి వచ్చిపడుతుంది. 'సంరక్షకుడు' అందామంటే, ఆ మాట మన దరఖాస్తు ఫారాల్లో ఇదివరకే వున్నది: 'తండ్రి లేక సంరక్షకుని సంతకం' అని. అంటే పిల్లవాణ్ణి కనిపెట్టుకుని వుండే పెద్దవాడన్నమాట. కాని నేను చెప్పే ఇళ్ళలో కనిపెట్టుకుని వుండేవాడు ఆ పిల్లవాడే. న్యాయంగా అయితే తన దరఖాస్తు మీద తానే సంరక్షకుడుగా సంతకం పెట్టుకోవాలి! నిఘంటువులో దొరకకపోయినా జనం నోట మాత్రం మాట వున్నది. 'వాడే చూసుకుంటున్నాడండీ వాళ్ళ నాన్నను' అంటారు. అందుచేత నేను వీళ్ళను 'చూసుకునే పిల్లలు' అంటాను.

ఇంట్లో చిన్నాచితకా పనులు చేసే పిల్లలందరూ ఈ లెక్కలోకి వస్తారా అని మీరు అడగవచ్చు. రారు. చెంబెడు నీళ్ళు అందించడం, కొట్టుకు వెళ్ళి ఉప్పు తేవడం పిల్లలకు మంచిదే. ఆ పిల్ల ఒక పూట లేకపోతే ఇంట్లో ఒకరి మందూ, తిండీ, శుభ్రమూ ఆగిపోతాయా అన్నది ప్రశ్న. ఆగిపోయేటట్లయితే ఆ పిల్ల సాయం చేయడం లేదు, బాధ్యత మోస్తున్నది.

2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ దేశం మొత్తం మీద, జనం రోజులో ఏ పనికి ఎంతసేపు ఖర్చుపెడుతున్నారో లెక్కతీసింది. ఆరేళ్ళు నిండినవారందరినీ అడిగారు. ఇంట్లోవాళ్ళను చూసుకోవడంలో ఏదో ఒక పాలు పంచుకున్నవారు ఆడవాళ్ళలో నూటికి 27.6 మంది, మగవాళ్ళలో 14 మంది అని తేలింది. అట్లా పంచుకున్న ఆడవాళ్ళకు రోజుకు సగటున 134 నిమిషాలు, మగవాళ్ళకు 76 నిమిషాలు పట్టిందట. తల్లి బిడ్డను పెంచడం కూడా ఈ లెక్కలోనిదే; అయినా లెక్క ఆరేళ్ళ వయసు నుంచి మొదలుపెట్టారన్న సంగతి మరువకండి. చూసుకోవడం పెద్దవాళ్ళకు మాత్రమే సంబంధించిన పని కాదని ఆ లెక్క వేసినవారికి తెలుసు.

వారానికి రెండు రోజులు

మాది శ్రీకాకుళం జిల్లా. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస - ఈ ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే ఉద్దానమయిందని చెబుతారు. చూస్తే నిజమే అనిపిస్తుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస. రోడ్డు మీద బస్సు పోతూవుంటే రెండు వైపులా పచ్చగా వుంటుంది. ఆ పచ్చదనం నడుమ కొన్ని దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు కాపురం చేస్తున్నది. నీటి సంగతి, ఎండలో చాకిరీ సంగతి, మరెన్నో పరీక్షించారు. ఇదీ కారణం అని ఒక్కదాన్ని వేలెత్తి చూపించడం శాస్త్రజ్ఞులకు ఇంకా సాధ్యపడలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రీ, పరిశోధన కేంద్రమూ తెరిచారు. డయాలసిస్ కేంద్రాలు సోంపేటలోనూ, టెక్కలిలోనూ వున్నాయి. వెనుకటిలాగ ప్రతిసారీ విశాఖపట్నం పరుగెత్తవలసిన అగత్యం తగ్గింది.

మా కాలేజీలో ఈ ఊళ్ళ పిల్లలు ప్రతి తరగతిలోనూ వుంటారు. కిడ్నీలు పూర్తిగా పాడయిన మనిషికి వారానికి రెండుసార్లో మూడుసార్లో డయాలసిస్ చెయ్యాలి. యంత్రం మీద వుండేది నాలుగు గంటలు. దానికి ముందు బస్సు, వరసలో నిరీక్షణ. తరువాత నీరసంతో తూలే మనిషిని మెల్లిగా ఇంటికి చేర్చడం. పేరుకు నాలుగు గంటలుగాని, తోడు వెళ్ళినవాళ్ళకు రోజంతా పోయినట్టే. తల్లి జీడిపిక్కల పనికి పోకపోతే పొయ్యి వెలగదు. కాబట్టి తోడు వెళ్ళేది చదువుకునే కొడుకో కూతురో.

ఇప్పుడు మీరు నాతోపాటు కాస్త లెక్క చెయ్యండి. నేను తెలుగు చెప్పుకునేవాణ్ణే అయినా ఈ లెక్క నాకు కంఠతా వచ్చింది. ఒక సెమిస్టరులో 90 పనిరోజులనుకోండి. వారానికి ఆరు రోజుల కాలేజీ. అందులో రెండు రోజులు ఆస్పత్రికి పోతే, 90లో 30 పోయి 60 మిగులుతాయి. అంటే నూటికి 66, 67. పరీక్షకు కూర్చోవాలంటే 75 వుండాలి. చాలా విశ్వవిద్యాలయాలు జబ్బు కారణం చూపితే 65 దాకా మన్నిస్తాయి. 90 రోజులకు 65 వంతు అంటే 59 రోజులు. మనవాడివి 60. సెమిస్టరు మొత్తం మీద ఆ కుర్రవాడు తన కోసం తాను మానడానికి మిగిలింది ఒకే ఒక్క రోజు! రెండు రోజులు జ్వరం వస్తే ఆ యేడు నీళ్ళపాలు. వారానికి మూడు డయాలసిస్‌లు వుంటే ఇక లెక్క కట్టనే అక్కరలేదు.

ఆ మన్నింపులో కూడా ఒక మెలిక వున్నది. జబ్బు కారణం అంటే విద్యార్థి జబ్బు. డాక్టరు సర్టిఫికెట్ విద్యార్థి పేర వుండాలి. తండ్రి పేర వున్న ఆస్పత్రి చీటీలు కట్టకట్టి తెచ్చినా గుమాస్తా ఏమి చేయగలడు? అందుచేత కొందరు పిల్లలు తమకే కామెర్లనీ టైఫాయిడనీ వంద రూపాయలిచ్చి సర్టిఫికెట్ రాయించుకుంటారు. నిజం చెప్పినవాడికి మన్నింపు లేదు, అబద్ధానికి వుంది. ఇరవై ఏళ్ళ వయసులో మనం వాళ్ళకు నేర్పుతున్న పాఠం ఇది.

అన్న వంతు, చెల్లెలి వంతు

నేను ఈ కాలేజీకి బదిలీ మీద రాకముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పేర్లు, ఊరు చెప్పను. ఒక కుర్రవాడు డిగ్రీ రెండో ఏడు చదువుతూ, పైన చెప్పిన లెక్కలో సరిగ్గా రెండు రోజులు తక్కువయ్యాడు. అప్పుడతను చదువుతున్న కాలేజీలో పరీక్షకు కూర్చోనివ్వలేదు. వచ్చే ఏడు మళ్ళీ కట్టమన్నారు. అతను మళ్ళీ కట్టలేదు. విశాఖపట్నంలో ఒక గోదాములో పనికి కుదిరి నెలనెలా డబ్బు పంపడం మొదలుపెట్టాడు.

ఇంతవరకు వింటే చదువు మానేసిన ఒక అబ్బాయి కథ. కాని తండ్రి డయాలసిస్ ఆగదు గదా! ఆ రెండు రోజులూ ఇప్పుడు ఎవరివి? పదో తరగతి చదువుతున్న చెల్లెలివి. కాలేజీ అతని పేరు కొట్టేసిన రోజున ఆ ఇంట్లో బరువు ఏమీ తగ్గలేదు. ఇంకా చిన్న భుజం మీదికి మారింది. ఎక్కడైనా చూడండి, ఈ పని ఎప్పుడూ కిందికే జారుతుంది. పెద్దవాడి నుంచి చిన్నదానికి, మగపిల్లవాడి నుంచి ఆడపిల్లకు.

ఆ చెల్లెలు తరువాత మా కాలేజీలో చేరింది. మొదటి నెలలోనే ఆమె మంగళవారం, శుక్రవారం రావడం లేదని పట్టీ చూస్తే తెలిసింది. అడిగితే తల వంచుకుని, "అన్నయ్య ఎల్లిపోయాక నాన్నతో నేనే ఎల్తన్నానండి మాస్టారూ. మానీమంటే మానేస్తాను" అన్నది. కాలేజీయా, ఆస్పత్రియా, ఏది మానేస్తానంటున్నదో ఆమెకే తెలిసినట్టు లేదు.

ఆ పిల్లకు తెలిసిన సంగతులు వింటే మీరు ఆశ్చర్యపోతారు. తండ్రి రోజుకు తాగే నీళ్ళు సీసాలో కొలిచి పెడుతుంది. కూరగాయ ముక్కలను ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తుంది. ఫిస్టులా వేసిన చేతికి బరువు తగలనివ్వదు, ఆ చేతికి బి.పి. పట్టీ కట్టనివ్వదు, రోజూ దాని మీద వేలు పెట్టి లోపల రక్తం జుమ్మని పారుతున్నదో లేదో చూస్తుంది. పది కొబ్బరిచెట్లున్న ఇంట్లో తండ్రికి కొబ్బరినీళ్ళు ఇవ్వకూడదు, వాటిలోని పొటాషియం ప్రాణం మీదికి తెస్తుంది. చెట్టు పెంచినవాడు బోండాం అడిగితే కాదనవలసింది పదిహేడేళ్ళ కూతురు. సైన్సు పరీక్షలో ఈ పిల్లకు పొటాషియం మీద రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. ఇంట్లో ఆ ప్రశ్నకు రోజూ జవాబు చెబుతున్నదని దిద్దేవారికెలా తెలుస్తుంది?

ఇటుక మీద దేవుడు

"తల్లిదండ్రులకు సేవ చెయ్యడం పిల్లల ధర్మం. దానికి కాలేజీ ఏమిటి చేసేది?" అని నన్ను అడిగిన పెద్దమనుషులున్నారు. వాళ్ళు చెప్పే ధర్మాన్ని నేను కాదనను. శ్రవణకుమారుడి కావడి, పుండలీకుని సేవ వినని తెలుగు ఇల్లు లేదు. కాని ఆ కథలను మనం సగమే చెప్పుకుంటున్నామేమోనని నా అనుమానం.

పుండలీకుని కథ చూడండి. అతడు తల్లిదండ్రుల కాళ్ళు పడుతూ వుండగా సాక్షాత్తూ భగవంతుడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పుండలీకుడు లేవలేదు. ఒక ఇటుక విసిరి, దాని మీద నిలబడి వుండమన్నాడు. దేవుడు నిలబడ్డాడు! పండరిపురంలో నేటికీ ఇటుక మీదనే వున్నాడు. మనం పుండలీకుణ్ణి మెచ్చుకుని వూరుకుంటాం. ఆగినవాడి గొప్పతనం మనకు పట్టదు. దేవుడు ఆగగా లేనిది, తొమ్మిదిన్నర గంట కొట్టిన తరువాత మన గేటు పది నిమిషాలు ఆగదు.

భారతం అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడున్నాడు. తల్లిదండ్రులను వదిలి వేదాధ్యయనానికి వెళ్ళిపోయాడు. మిథిలలో ధర్మవ్యాధుడు అతనికి ధర్మం చెప్పి, ముసలివాళ్ళ దగ్గరకు తిరిగి పొమ్మన్నాడు. మన పురాణాలు చదువుకునేవాణ్ణి ఇంటికి పంపడం నేర్పాయి, నిజమే. అయితే ఉపనిషత్తు మరోలా చెబుతుంది. తల్లినీ తండ్రినీ దైవంగా చూడమని తైత్తిరీయంలో ఆచార్యుడు శిష్యునికి చెప్పేది ఎప్పుడు? చదువు పూర్తయి, ఇంటికి బయలుదేరబోయే రోజున. ముందు చదువు చేతిలో పెట్టి, ఆ తరువాత ధర్మం చెప్పాడు. మనం చదువు మధ్యలో లాక్కుని ధర్మం ఒక్కటీ మిగులుస్తున్నాం.

ధర్మమన్న పేరు పెట్టినందువల్ల మరో నష్టం కూడా వున్నది. ధర్మానికి సాయం అడగడం సిగ్గుగా వుంటుంది. పైగా ఇంటి గుట్టు లంకకు చేటని చిన్నప్పటినుంచీ నూరిపోశాం. క్షయ అనో, మతి చెడిందనో, తాగుడనో బయటకు తెలిస్తే అక్క పెళ్ళి ఆగిపోతుందని భయం. 'అడగందే అమ్మయినా పెట్టదు' అంటారు. ఈ పిల్లల ఇళ్ళలో అమ్మకే వీళ్ళు పెట్టాలి. ఇక అడగడం ఎక్కడ నేర్చుకుంటారు?

సున్నాలు చూపిన నిజం

వాళ్ళు అడగరు కాబట్టి మనమే అడగాలి. ఈ సంగతిలో ఇంగ్లండు అనుభవం మనకు పనికి వస్తుంది. అక్కడ 2014లో చేసిన చట్టం ప్రకారం, పద్ధెనిమిదేళ్ళలోపు పిల్ల ఇంట్లో ఎవరినైనా చూసుకుంటూ వుంటే, ఆ పిల్లకు ఏమి సాయం కావాలో స్థానిక ప్రభుత్వం విచారించి తీరాలి. స్కాట్లండులో 2019 నుంచి పదహారు మొదలు పద్ధెనిమిదేళ్ళ వయసువారికి ప్రత్యేకంగా కొంత డబ్బు ఇస్తున్నారు.

2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండులో అయిదు మొదలు పదిహేడేళ్ళ వయసున్న ఇటువంటి పిల్లలు దాదాపు 1,20,000 మంది అని తేలింది. 2023లో బడుల లెక్కలో కూడా వీళ్ళకోసం ఒక గడి చేర్చారు. ఆ గడిలో వచ్చిన మొత్తం సుమారు 39,000. నాలుగింట మూడు వంతులకు పైగా బడులు 'మా దగ్గర ఒక్కరూ లేరు' అని సున్నా వేసి పంపించాయి! ఇళ్ళలో వున్న పిల్లలు బడికి వచ్చేసరికి ఎక్కడికి పోయారు? గడి పెట్టినంత మాత్రాన చాలదు. గడి నింపేవాడు పిల్లల ముఖం చూసి అడగాలి.

మన దగ్గర ఆ గడి కూడా లేదు. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, ప్రమాదకరం కాని పనుల్లో పిల్లలు బడి వేళ తరువాతా సెలవుల్లోనూ కుటుంబానికి సాయపడవచ్చని రాశారు. ఆ సాయం ఎన్ని గంటలయితే సాయం, ఎన్ని గంటలయితే భారం అన్నది రాయలేదు. కేరళ మాత్రం కొంత దారి చూపింది. 2008లో ఆ రాష్ట్రం మంచాన పడ్డవారి సంరక్షణకు ఒక విధానం ప్రకటించింది. నర్సులు, ఊరివాళ్ళు, కాలేజీ విద్యార్థులు కూడా రోగుల ఇళ్ళకు వెళ్ళి వస్తారు. మంచంలో వున్నవారిని చూసుకునేవారికి నెలనెలా కొంత సొమ్ము ఇచ్చే పథకం కూడా అక్కడ పెట్టారు. ఇంటికి ఒక నర్సు వచ్చిన పూట ఆ ఇంటి పిల్ల బడికి వెళుతుంది. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు.

మేము చేస్తున్నది

చట్టం వచ్చేదాకా కూర్చోకుండా, ప్రిన్సిపాలుగారి అనుమతితో మా కాలేజీలో నలుగురం లెక్చరర్లం కొన్ని పనులు మొదలుపెట్టాం. ఖర్చు దాదాపు లేదు. చదివినవారికి ఉపయోగపడితే సంతోషం.

మొదటిది అడగడం. తరగతిలో నిలబెట్టి కాదు. చేరిన నెలలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి. 'నీకేమైనా కష్టాలున్నాయా?' అంటే 'లేవండి' అంటారు. అందుకని, 'మీ ఇంట్లో వంటెవరు చేస్తారు? రాత్రి ఎవరైనా పిలిస్తే లేచేదెవరు? ఆస్పత్రికి తోడెవరు వెడతారు?' అని అడుగుతాం. మూడింటికీ 'నేనే' అని వస్తే మాకు తెలిసినట్టే. చెప్పిన మాట ఆ గది దాటదు.

చెప్పనివాళ్ళను కనిపెట్టడానికి గుర్తులున్నాయి. ప్రతివారం అవే రోజులు మానడం. మొదటి గంటలో నిద్ర తూగడం. విరామం రాగానే ఇంటికి ఫోను. ఎక్స్‌కర్షన్‌కు ఎప్పుడూ పేరివ్వకపోవడం. సాయంకాలం గంట కొట్టకముందే పుస్తకాలు సర్దుకోవడం. వీటిని చూసి 'వీడికి శ్రద్ధ లేదు' అని తీర్పు చెప్పేముందు ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

రెండోది ఒక మనిషి. ప్రతి లెక్చరరుకూ కొందరు విద్యార్థులను అప్పగించే మెంటరు పద్ధతి ఇప్పుడు కాలేజీల్లో కాగితం మీద వుండనే వున్నది. ఆ కాగితానికి ప్రాణం పోశాం. ఆ పిల్ల ఒకసారి ఒకరికి చెబితే చాలు. మిగిలిన ఆరుగురు లెక్చరర్లకూ తన తండ్రి జబ్బు మళ్ళీమళ్ళీ ఏకరువు పెట్టనక్కరలేదు.

మూడోది వేళ. ఆమె ప్రాక్టికల్సు శుక్రవారం నుంచి బుధవారం జట్టుకు మార్చాం. ఇంటర్నల్ పరీక్ష ఆస్పత్రి రోజున పడితే మరునాడు రాయనిచ్చాం. డయాలసిస్ కేంద్రం కూడా అడిగితే కాదనలేదు. వారంలో ఒక విడతను మధ్యాహ్నానికి జరిపారు, పొద్దుటి రెండు గంటలూ దక్కాయి. రోగికి కూతురు చదువుకుంటున్నదన్న సంగతి అంతవరకూ వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే!

నాలుగోది సెల్‌ఫోను. కాలేజీలో ఫోను నిషేధం మంచిదే. ఇంట్లో మూర్ఛరోగి వున్న పిల్లవాడికి మాత్రం అది ఆపివేస్తే పాఠం చెవికెక్కదు. శబ్దం రాకుండా జేబులో వుంచుకోనిస్తే ఇంకా బాగా వింటాడు.

అయిదోది కాగితాలు. మా రాష్ట్రంలో డయాలసిస్ రోగులకు ప్రత్యేక పింఛను వున్నది; వికలాంగులకు సర్టిఫికెట్టు వున్నది; మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416, చిన్నపిల్లల ఆపదకు 1098 నంబర్లున్నాయి. వీటికోసం పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరిగే రోజులన్నీ హాజరులోంచే పోతాయి. మా ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఫారాలు నింపి, వరసలో నిలబడి ఆ రోజులు మిగులుస్తున్నారు.

ఒక పని మాత్రం చెయ్యం. వార్షికోత్సవంలో వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, 'అభినవ శ్రవణకుమారుడు' అనం. ఆ కుర్రవాడికి కావలసింది శాలువా కాదు, ఒక సాయంకాలం. వారానికి ఒక్క పూట పక్కింటి పిన్నిగారో పెద్దమ్మగారో వచ్చి రోగి దగ్గర కూర్చుంటే, అతను పోయి వాలీబాల్ ఆడుకుంటాడు. వాడికీ పద్ధెనిమిదేళ్ళే గదండీ!

అనుమానాలు

"ఇట్లా మొదలుపెడితే అందరూ అమ్మకు జబ్బంటారు" అని ఒక సహోద్యోగి భయపడ్డాడు. మొదటి ఏడు ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా. డయాలసిస్ పుస్తకంలో తారీఖు, ముద్ర వుంటాయి. ఆశా కార్యకర్తను అడిగితే ఏ ఇంట్లో ఎవరు మంచాన వున్నారో చెబుతుంది. అబద్ధం నిలవలేదు. ఉన్న నిజాన్ని దాచే పిల్లలే మాకు ఎక్కువమంది తగిలారు.

"దూరవిద్య వుంది కదా, ఇంట్లో వుండి చదువుకోవచ్చు" అన్నారు మరొకరు. 1982లోనే మన హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. ఎందరికో మేలు చేసింది. కాని చూసుకునే పిల్లకు కాలేజీ అంటే పుస్తకాలు మాత్రమే కాదు. రోజుకు ఆరు గంటలు మందుల వాసన లేని గాలి. తన వయసువాళ్ళ నవ్వు. అది కూడా తీసేసి ఇంట్లోనే చదువుకోమంటే తలుపు బయట గడియ పెట్టినట్టే. అదే కావాలని తాను కోరుకుంటే వేరు సంగతి.

ఆ అమ్మాయి మూడో ఏడు చదువుతూ వుండగా తండ్రి పోయాడు. ఇక రోజూ కాలేజీకి వస్తుందనుకున్నాం. రాలేదు. ఆస్పత్రి లేని మంగళవారం ఏం చెయ్యాలో తోచక ఇంట్లో గోడకానుకుని కూర్చుంటున్నదని ఆమె స్నేహితురాలు చెప్పింది. ఏడేనిమిదేళ్ళ నుంచి ఆ ఇల్లంతా ఒక మనిషి నీళ్ళ కొలత చుట్టూ తిరిగింది. అది ఒక్కసారిగా ఆగిపోతే కాళ్ళు నిలవవు. మా తోటి అధ్యాపకురాలు రెండుసార్లు ఇంటికి వెళ్ళి కూర్చుని వచ్చింది. స్నేహితురాళ్ళు వంతులవారీగా బస్టాపు దగ్గర కలిసేవారు. నెల దాటాక వచ్చింది. సెకండ్ క్లాసులో డిగ్రీ అయింది. అన్న చదువు మాత్రం తిరిగి రాలేదు.

రోగి పోయినా, కోలుకున్నా ఆ పిల్లను కొన్నాళ్ళు కనిపెట్టి చూడాలన్నది మాకు ఆమె వల్ల తెలిసింది.

జూన్‌లోగా

ఈ వ్యాసం చదివే ఉపాధ్యాయులకు, కాలేజీల పాలకవర్గాలవారికి నా మనవి ఒక్కటే. జూన్‌లో ప్రవేశాలు మొదలవుతాయి. దరఖాస్తులో కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు ఖాతా అన్నీ అడుగుతాం. వాటి కింద ఇంకొక్క వరుస చేర్చండి: 'ఇంట్లో ఎవరినైనా నువ్వు చూసుకుంటున్నావా?' విశ్వవిద్యాలయాల పెద్దలు హాజరు మన్నింపు నిబంధనలో 'విద్యార్థి అనారోగ్యం' అన్న మాట పక్కన 'లేక విద్యార్థి చూసుకునే కుటుంబసభ్యుని అనారోగ్యం' అని చేర్చండి. ఖజానాకు పైసా ఖర్చు లేదు.

ఉపాధ్యాయులు కాని పాఠకులకు కూడా పని వున్నది. మీ వీధిలో ఏ ఇంట్లో మంచాన మనిషి వున్నారో మీకు తెలుసు. ఆ ఇంట్లో బడికి పోయే పిల్ల వున్నదేమో చూడండి. పరీక్షల వారంలో ఒక్క పూట వెళ్ళి, "అమ్మాయీ, నువ్వు చదువుకో. ఈ పూట తాతగారి దగ్గర నేను కూర్చుంటాను" అనండి.